పెద్ద పార్సిల్‌కి అనుకోని ఛార్జీ పడితే: మొత్తం మీద కాదు, లైను మీద అడగండి



పొలం నుంచి నేరుగా ఇంటికి అమ్ముకునే రైతుకి పండించడం సగం పనే. మిగతా సగం పంపడం. హైదరాబాద్‌లో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ లాంటి పాత కాలనీల నుంచి మనకి మంచి ఆర్డర్లు వస్తాయి. పాతికేళ్లుగా అక్కడే ఉంటున్న కుటుంబాలు ముడిబియ్యం, కందిపప్పు, గానుగ నూనె అడుగుతాయి. గ్రూప్స్, సివిల్స్ కోచింగ్ కోసం హాస్టళ్లలో ఉండే పిల్లలు అటుకులు, మరమరాలు, పల్లీ పట్టీలు అడుగుతారు. సరుకు బాగుంటుంది, ధర కుదురుతుంది. కానీ పెట్టె ఇంటికి చేరేసరికి బుకింగ్‌లో చెప్పిన కిరాయి ఒకటి, డెలివరీలో అడిగే కిరాయి ఇంకొకటి. కస్టమర్ మనకి ఫోన్ చేస్తాడు. మనం పార్సిల్ ఆఫీసుకి ఫోన్ చేస్తాం. వాళ్లు "సిస్టమ్‌లో అంతే వచ్చింది సార్" అంటారు. చివరికి ఆ తేడా మన జేబులోంచే పోతుంది, లేకపోతే కస్టమర్ చేజారిపోతాడు.

ఈ పోస్టులో చెప్పేది ఒక్కటే మాట. "ఇంత ఎందుకు వేశారు" అని మొత్తం మీద గొడవ పడితే ఎవరూ వినరు. బిల్లుని లైన్లుగా విడదీసి, తప్పున్న లైను మీద, కాగితం చూపించి అడిగితే వినక తప్పదు. ఆ కాగితం మాత్రం బుకింగ్ రోజే తయారవ్వాలి. డెలివరీ రోజు వెతికితే దొరకదు.

పెట్టె పెద్దదైతే బిల్లు ఎందుకు పెరుగుతుంది

బండిలో రెండే రెండు ఉంటాయి: మొయ్యగలిగే బరువు, పట్టే జాగా. బియ్యం బస్తా బరువుని తింటుంది. మరమరాల పెట్టె జాగాని తింటుంది. అందుకే కొరియర్ వాళ్లు రెండు బరువులు చూస్తారు. ఒకటి కాంటా మీద వచ్చే అసలు బరువు. రెండోది ఘనపరిమాణపు బరువు, వాళ్ల మాటల్లో వాల్యూమెట్రిక్ వెయిట్. ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే కిరాయి.

లెక్క కష్టం కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, 5000తో భాగించాలి. వచ్చింది కిలోలు. కొన్ని కంపెనీలు రోడ్డు సర్వీసుకి 4500తో, ఇంకొన్ని 4000తో భాగిస్తాయి. భాగించే అంకె తగ్గినకొద్దీ మనకి బరువు పెరుగుతుంది. లారీ ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు ఘనపుటడుగుల్లో లెక్కేస్తారు. ఒక ఘనపుటడుగుకి 6 కిలోలు, 8 కిలోలు, 10 కిలోలు అని ఒప్పందాన్ని బట్టి ఉంటుంది.

వీడియోలో టేపుతో కొలిచి చూపించిన పెట్టెనే తీసుకుందాం. 60 సెం.మీ. పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. లోపల దేశీ వరి మరమరాలు, పేలాలు. కాంటా మీద 9 కిలోలు.

60 × 45 × 45 = 1,21,500. దీన్ని 5000తో భాగిస్తే 24.3 కిలోలు. 4500తో అయితే 27 కిలోలు. ఘనపుటడుగుల్లో అయితే 4.29. అడుగుకి 6 కిలోల లెక్కన 25.7 కిలోలు, 10 కిలోల లెక్కన 42.9 కిలోలు.

చూశారు గదా, పెట్టె అదే, సరుకు అదే. 9 నుంచి 43 దాకా ఏ అంకెకైనా కిరాయి పడొచ్చు. ఇందులో ఏదీ మోసం కాదు. ఏ లెక్క వాడతారో ముందే చెప్పి, మనం ఒప్పుకున్నాక ఇంకో లెక్క వేస్తేనే అది తప్పు.

ఇంకో చిన్న సంగతి. పెట్టె పొట్ట ఉబ్బితే, లేదా కట్టిన తాడు ముడి దగ్గర టేపు పెడితే, ఒక్కో వైపు 3 సెంటీమీటర్లు పెరుగుతుంది. 63 × 48 × 48ని 5000తో భాగిస్తే 29 కిలోలు దాటుతుంది. మూడు సెంటీమీటర్లకి దాదాపు 5 కిలోల కిరాయి. గొడవలు చాలావరకు పుట్టేది ఇక్కడే.

లీటరు డబ్బా పరీక్ష

ఏ సరుకుకి బరువు మీద పడుతుంది, దేనికి జాగా మీద పడుతుంది అని ముందే తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. ఒక లీటరు డబ్బా నిండా సరుకు పోసి తూచండి. 5000 లెక్క వాడే చోట లీటరు సరుకు 200 గ్రాములు దాటితే అసలు బరువే లెక్క. 200 లోపు ఉంటే జాగా లెక్క. 4500కి ఈ గీత 222 గ్రాములు. అడుగుకి 10 కిలోలు వేసే లారీ దగ్గర దాదాపు 353 గ్రాములు.

బియ్యం, పప్పులు, కొర్రలు, బెల్లం, నూనె ఈ గీతకి చాలా పైన ఉంటాయి. వాటికి జాగా భయం లేదు. మరమరాలు, పేలాలు, ఎండు మందార పూలు, ఎండుమిర్చి, కొండచీపుర్లు, వెదురు బుట్టలు లాంటి వాటిని మాత్రం తూచి చూసుకోవాలి. సరుకు బరువైనదే అయినా పెట్టెలో సగం ఖాళీ ఉంటే మనం గాలికి కిరాయి కడుతున్నట్టే. అందుకే తేలిక సరుకుని ఒంటరిగా పంపొద్దు. అదే కస్టమర్ బియ్యం కూడా అడిగితే ఒకే పెట్టెలో అడుగున బియ్యం, పైన మరమరాలు సర్దితే జాగా బరువూ అసలు బరువూ దగ్గరికొస్తాయి.

బిల్లుని లైన్లుగా విడదీయండి

పై పెట్టెనే కొరియర్‌లో అశోక్ నగర్‌కి పంపామనుకుందాం. ఇది లెక్క అర్థం కావడానికి చెప్పే ఉదాహరణ మాత్రమే. మాట్లాడుకున్నది కిలోకి 20 రూపాయలు, 5000 లెక్క, ఇంటి దాకా డెలివరీ కలిపి. డాకెట్ ఛార్జీ 50, ఫ్యూయల్ సర్‌ఛార్జీ కిరాయిలో 10 శాతం, జీఎస్టీ 18 శాతం అదనం అని రేట్ కార్డులో ఉంది. రైతు మనసులో ఉన్న లెక్క 9 కిలోలు, 180 రూపాయలు. వచ్చిన బిల్లు ఇది:

కిరాయి, 30 కిలోలకి: రూ. 600
డాకెట్ ఛార్జీ: రూ. 50
ఫ్యూయల్ సర్‌ఛార్జీ: రూ. 60
డోర్ డెలివరీ: రూ. 100
జీఎస్టీ 18 శాతం: రూ. 145.80
మొత్తం: రూ. 955.80

180 ఎక్కడ, 955 ఎక్కడ? కోపం రావడం సహజమే. కానీ లైను లైనుగా చూడండి. అసలు కొలత 24.3 కిలోలు. పై కిలోకి సర్దితే 25. వాళ్లు ఉబ్బిన చోట కొలిచి 29.03 తెచ్చారు, దాన్ని 30 చేశారు. అంటే కిరాయి రూ. 500 ఉండాలి. ఫ్యూయల్ రూ. 50 ఉండాలి. డోర్ డెలివరీ ముందే కలిపి మాట్లాడారు కాబట్టి ఆ వంద రాకూడదు. డాకెట్ 50 సరైనదే. ఇవన్నీ కలిపితే 600, జీఎస్టీతో 708.

అంటే మనం అడగాల్సింది 955.80 మైనస్ 180 కాదు. 955.80 మైనస్ 708. అక్షరాలా 247 రూపాయల 80 పైసలు. "775 రూపాయలు దోచేశారు" అంటే అవతలివాడు నవ్వి ఊరుకుంటాడు. "కొలతలో 5 కిలోలు ఎక్కువ వేశారు, డోర్ డెలివరీ రెండుసార్లు వేశారు, 247.80 తిరిగివ్వండి" అంటే రికార్డు తీసి చూడక తప్పదు. మిగతా 528 మనం ముందే తెలుసుకుని సరుకు ధరలో కలుపుకోవాల్సిన ఖర్చు.

బిల్లులో కనపడే మిగతా మాటలు కూడా తెలిసి ఉండాలి.

ఎఫ్ఓవీ అంటే సరుకు విలువ మీద వేసే రిస్కు ఛార్జీ. దండగ అని కొట్టేయించే ముందు ఆలోచించండి. రోడ్డు రవాణా నిబంధనల ప్రకారం, సరుకు పోయినా పాడైనా, ఎక్కువ విలువ ప్రకటించి ఎక్కువ రిస్కు రేటు కట్టకపోతే, రవాణాదారు బాధ్యత మామూలుగా కిరాయికి పది రెట్లకే పరిమితం. 300 కిరాయికి వెళ్లిన 8000 నూనె పెట్టె పగిలితే మూడు వేలే అన్నమాట.

ఓడీఏ అంటే వాళ్ల మామూలు డెలివరీ పరిధి బయట ఉందని వేసే ఛార్జీ. మన ఊళ్లో పికప్‌కి ఇది న్యాయంగానే పడొచ్చు. చిక్కడపల్లి, నారాయణగూడ నగరం నడిబొడ్డు. అక్కడి డెలివరీకి ఈ లైను కనిపిస్తే ఆ పిన్‌కోడ్ పరిధి బయట ఉన్నట్టు వాళ్ల జాబితాలో చూపించమనండి.

డెమరేజ్ అంటే సరుకు తీసుకోవడం ఆలస్యమైతే పడే గోడౌన్ అద్దె. దీనికి సరుకు వచ్చిందని మనకి ఏ రోజు చెప్పారన్నదే కీలకం. కబురు అందక ముందు రోజులకి అద్దె వేస్తే ఆ మెసేజ్ తేదీ చూపించి అడగండి.

జీఎస్టీ లైను మీద ప్రత్యేకంగా కన్నేయండి

ఇది చాలామంది రైతులు వదిలేసే లైను. కొరియర్ సర్వీసుకి 18 శాతం పడుతుంది, అందులో మన సరుకు ఏదన్నది లెక్క కాదు. కానీ ఎల్ఆర్ ఇచ్చే లారీ ట్రాన్స్‌పోర్ట్ వేరే కోవలోకి వస్తుంది. 2017లో వచ్చిన 12వ నంబర్ నోటిఫికేషన్ ప్రకారం ఆ రవాణాలో వ్యవసాయ ఉత్పత్తులు, పాలు, ఉప్పు, బియ్యం, పప్పులు, పిండితో సహా ఆహార ధాన్యాలు, సేంద్రియ ఎరువులకి కిరాయి మీద జీఎస్టీ లేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని మామూలు వ్యక్తి కిరాయి కట్టినా ఆ రవాణాకి మినహాయింపు ఉంది.

కాబట్టి ముడిబియ్యం బస్తాలు లారీ ట్రాన్స్‌పోర్ట్‌లో వెళ్లి, ఎల్ఆర్‌లో కిరాయి మీద జీఎస్టీ వేస్తే అడగండి. దీనికి ఒక షరతు: ఎల్ఆర్‌లో సరుకు పేరు సరిగ్గా రాయించాలి. "ఫుడ్ ఐటమ్స్", "జనరల్ గూడ్స్" అని రాస్తే మినహాయింపు అడగడానికి ఆధారం ఉండదు. "బియ్యం", "కందిపప్పు", "సేంద్రియ ఎరువు" అని విడిగా రాయించండి. నూనె, బెల్లం, చిరుతిళ్లు ఈ జాబితాలోకి వస్తాయని అనుకోవద్దు. కిరాయి 750 రూపాయల లోపైతే జీఎస్టీ లేదు అన్న పాత మాట కూడా ఇప్పుడు చెల్లదు. ఆ మినహాయింపు 2022 జులై 18న తీసేశారు.

ఈ కాలనీల్లో వచ్చే అదనపు ఖర్చులు

భారీ లారీలకి పగటిపూట నగరం లోపల ఆంక్షలుంటాయి. అందుకని పెద్ద సరుకు ముందు ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్‌లో దిగుతుంది. అక్కడి నుంచి ట్రాలీ ఆటోలో కాలనీకి వస్తుంది. రెండోసారి ఎక్కించడం, దించడం, ఆటో కిరాయి ఇక్కడ కలుస్తాయి. అశోక్ నగర్ హాస్టళ్లలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు అంటే ఇంకో హమాలీ మాట వస్తుంది. చిక్కడపల్లి లోపలి గల్లీల్లో బండి తిరగదు, మెయిన్ రోడ్డు దాకే అంటారు.

వీటిలో కొన్ని నిజమైన ఖర్చులే. మోసే మనిషి కష్టం కాదనలేం. అయితే "డోర్ డెలివరీ" అంటే గేటు దాకానా, గది దాకానా అన్నది బుకింగ్‌లోనే రాయించాలి. కస్టమర్‌కి కూడా ముందే చెప్పండి: "అమ్మా, బండి గేటు దాకా వస్తుంది. పైకి మోయించాలంటే హమాలీకి విడిగా ఇవ్వాల్సి ఉంటుంది." ముందు చెప్పిన వంద రూపాయలకి ఎవరూ బాధపడరు. చివర్లో అడిగిన వందే గుచ్చుకుంటుంది.

కస్టమర్ తనే తెచ్చుకోగలిగితే డోర్ డెలివరీ లైనే ఉండదు. ఆర్టీసీ కార్గో 2020 జూన్‌లో మొదలైంది. హైదరాబాద్‌లో ఇంటికి డెలివరీ 2024 అక్టోబర్‌లో కలిపారు. అంటే కౌంటర్ నుంచి కౌంటర్‌కి ఒక రేటు, ఇంటి దాకా అయితే ఇంకో రేటు. రసీదులో మీరు ఏది ఎంచుకున్నారో చూసుకోండి. నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వాళ్లకి ఎంజీబీఎస్, జేబీఎస్ రెండూ మెట్రో గ్రీన్ లైను మీదే ఉన్నాయి. చిన్న పెట్టె అయితే మెట్రో లగేజీ పరిమితి చూసుకుని తెచ్చుకోవచ్చు, పెద్దదైతే ఆటో. ఆర్టీసీ కార్గో మీద ఫిర్యాదు ఉంటే ఆ సంస్థ ప్రధాన కార్యాలయం బస్ భవన్ అక్కడికి దగ్గర్లోనే ఉంది. రాసిన కాగితం ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

గెలిచేది బుకింగ్ రోజే

మన చేతిలో ఉన్న బలమైన కాగితం ఎల్ఆర్. 2007లో వచ్చిన రోడ్డు రవాణా చట్టం, అంటే క్యారేజ్ బై రోడ్ యాక్ట్, 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. లారీ బుకింగ్ కంపెనీలే కాదు, ఇంటి నుంచి ఇంటికి సరుకు చేర్చే కొరియర్ ఏజెన్సీలు కూడా దీని కిందికి వస్తాయి. అందులో 9వ సెక్షన్ ఏం చెప్తుందంటే, రవాణాదారు ఇచ్చే సరుకు రసీదులో రాసిన బరువు లేదా కొలత, పెట్టెల సంఖ్య ప్రాథమిక సాక్ష్యం. అంటే కాదని నిరూపించాల్సింది అవతలివాళ్లే.

ఇప్పుడు మీ పాత ఎల్ఆర్ తీసి చూడండి. "1 బాక్స్" అని తప్ప ఇంకేమీ ఉండదు చాలావాటిలో. కొలతలు లేని ఎల్ఆర్ ఇంటికి తెచ్చుకుంటే, చట్టం మన చేతికిచ్చిన కర్రని కౌంటర్ దగ్గరే వదిలేసి వచ్చినట్టు. అందుకే బుకింగ్ దగ్గర ఈ ఆరు పనులు చెయ్యండి:

1. మూసిన పెట్టెని టేపు పెట్టి మూడు వైపులా ఫోటో తీయండి. అంకెలు కనపడాలి.
2. కాంటా మీద పెట్టి, డిస్‌ప్లే కనపడేలా ఇంకో ఫోటో. కాంటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి. ఎలక్ట్రానిక్ కాంటాకి ఏటా తనిఖీ, ముద్ర ఉండాలి.
3. పొడవు, వెడల్పు, ఎత్తు, అసలు బరువు, లెక్కించే బరువు ఎల్ఆర్ మీద రాయించండి. "అన్నా, ఈ కొలతలు కూడా రసీదులో ఎక్కించరా, మళ్లీ అక్కడ గొడవ లేకుండా ఉంటది" అని మామూలుగా అడిగితే చాలామంది రాస్తారు.
4. భాగించే అంకె 5000నా, 4500నా, లేక అడుగుకి ఎన్ని కిలోలా అని వాట్సాప్‌లో అడిగి, జవాబు తీసుకోండి. నోటిమాట వద్దు.
5. పెయిడ్‌నా, టు-పేనా అన్నది స్పష్టంగా ఉండాలి. టు-పే అయితే మొత్తం ఎంత అవుతుందో అంకె రాయించండి.
6. పాడయ్యే సరుకైతే ఆ మాట రాయించండి.

సంతకం పెట్టే ముందు వెనక పేజీ చదవండి. 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు, కొరియర్ కాగితం మీద సంతకం పెట్టినవాళ్లు అందులోని పరిమితికి కట్టుబడాల్సిందే అని చెప్పింది. 2019 వినియోగదారుల చట్టంలో "అన్యాయమైన ఒప్పందం" మీద ఫిర్యాదుకి దారి ఉంది. కానీ అది జిల్లా కమిషన్‌లో కాదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాల్సిన వ్యవహారం. చిన్న అంకెలో రాసింది ముందే చదవడం అంతకన్నా చవక.

డెలివరీ దగ్గర గొడవైతే సరుకుని బందీ చెయ్యొద్దు

"ఆ డబ్బు కట్టం, పెట్టె మీ దగ్గరే ఉంచుకోండి" అనడం తేలిక. నష్టం మాత్రం మనకే. మన బియ్యానికి గుళికలు పెట్టం, తౌడు మొత్తం తీసెయ్యం. వేడి గోడౌన్‌లో ఆగితే పురుగు త్వరగా పడుతుంది. మామిడి అయితే చెప్పక్కర్లేదు. చట్టం కూడా ఇక్కడ మనకి టైం ఇవ్వదు. రవాణా చట్టం 15వ సెక్షన్ ప్రకారం నోటీసు ఇచ్చాక 30 రోజుల్లో తీసుకోని సరుకుని ఎవరూ అడగని సరుకుగా లెక్కిస్తారు. పాడయ్యే సరుకుకి ఆ గడువు 24 గంటలే. ఆ తర్వాత అమ్మి, వాళ్ల కిరాయి, ఖర్చులు అందులోంచి తీసుకోవచ్చు.

కాబట్టి పద్ధతి ఇది. ముందు పెట్టెని అక్కడే మళ్లీ కొలవమనండి. ఒప్పుకుంటే అక్కడితో అయిపోయింది. ఒప్పుకోకపోతే డబ్బు కట్టండి, కానీ రసీదు మీద లేదా డెలివరీ కాగితం మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను. కొలత, డోర్ డెలివరీ ఛార్జీ మీద వివాదం ఉంది" అని రాసి, తేదీ వేసి, ఫోటో తీసుకోండి. ఫోన్ యాప్‌లో కడితే వెంటనే అదే మాట మెసేజ్‌గా పంపండి. ఇలా రాస్తే, మీరు ఇష్టపూర్వకంగా ఒప్పుకునే కట్టారు అన్న వాదన నిలవదు. సరుకు చేతికొస్తుంది, హక్కు చేతిలోనే ఉంటుంది.

ఈ మాట కస్టమర్‌కి ముందే నేర్పండి. పెట్టె విప్పకముందే ఒకవైపు టేపు పెట్టి ఫోటో తీయమనండి. విప్పిన పెట్టెని కొలిస్తే సాక్ష్యం బలహీనపడుతుంది.

రాయాల్సిన ఉత్తరం

పొడుగు వద్దు, తిట్లు వద్దు. అదే రోజు లేదా మర్నాడే ఈమెయిల్ పంపండి. ఇలా:

"ఎల్ఆర్ నంబర్ ____, బుకింగ్ తేదీ ____. బుకింగ్ సమయంలో పెట్టె కొలత 60 × 45 × 45 సెం.మీ., లెక్కించే బరువు 25 కిలోలు. బిల్లులో 30 కిలోలు వేశారు. ఇంటి డెలివరీ కిరాయిలోనే కలిపి ఉందని ____ తేదీ మెసేజ్‌లో మీరే చెప్పారు, బిల్లులో మళ్లీ రూ. 100 వేశారు. ఈ రెండు లైన్లు, వాటి మీద పడ్డ ఫ్యూయల్ సర్‌ఛార్జీ, జీఎస్టీ కలిపి రూ. 247.80 ఎక్కువ వసూలైంది. మిగతా లైన్ల మీద నాకు అభ్యంతరం లేదు. మీరు 30 కిలోలుగా కొలిచిన ఆధారం పంపండి, లేదా 15 రోజుల్లో ఈ మొత్తం తిరిగి ఇవ్వండి. ఫోటోలు, ఎల్ఆర్, రేట్ కార్డు జతచేశాను."

"మిగతా లైన్ల మీద నాకు అభ్యంతరం లేదు" అన్న వాక్యం తీసెయ్యకండి. మీరు న్యాయంగా అడుగుతున్నారని చూపించేది అదే. పెద్ద కొరియర్ కంపెనీల హబ్‌లలో పెట్టెల్ని కొలిచే మెషీన్లు ఉంటాయి. కొలిచినప్పటి రికార్డు, ఫోటో ఉంటే పంపమనడం తప్పేమీ కాదు.

వినకపోతే ఎక్కడికి, ఎంత గడువులో

మొదటి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, 1915. ఇది కోర్టు కాదు, ఆర్డరు వేయదు. ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు రాబట్టే ప్రయత్నం చేస్తుంది. ఖర్చు లేదు. పోస్టల్ పార్సిల్ అయితే తపాలా శాఖ నంబర్ 1800 266 6868.

రెండో మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. ఒప్పుకున్న ధర కన్నా, రేట్ల జాబితాలో చూపిన ధర కన్నా ఎక్కువ వసూలు చేయడం 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుకి నేరుగా ఒక కారణం. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. గడువు రెండేళ్లు. ఫిర్యాదుదారు ఉండే చోటే వేసుకోవచ్చు. అంటే చిక్కడపల్లి కస్టమర్ హైదరాబాద్‌లో వేస్తాడు, మనం మన జిల్లాలో వేస్తాం. ఎల్ఆర్, ఫోటోలు స్కాన్ చేయించుకోవడానికి అశోక్ నగర్‌లో కోచింగ్ పిల్లలు వెళ్లే జిరాక్స్ షాపులు చాలు.

ఎవరు వేయాలన్నది ముఖ్యం. టు-పేలో కట్టింది కస్టమర్ కాబట్టి ఆయనే వేయడం బలంగా ఉంటుంది. ఇంటి వాడకానికి తెప్పించుకున్నవాడు వినియోగదారుడు కాదని ఎవరూ అనలేరు. మనం కడితే "మీది వ్యాపారం, వినియోగదారులు కారు" అన్న వాదన రావచ్చు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం చేసే పని అని మనం చూపించుకోవాలి.

రైల్వే పార్సిల్‌కి దారి వేరు. ఎక్కువ వసూలైన కిరాయి తిరిగి కావాలంటే రైల్వే చట్టం 106వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల్లో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. కాచిగూడ స్టేషన్‌లో దింపుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. రోడ్డు రవాణాలో సరుకు పోయినా పాడైనా బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. ఇది నష్టానికి సంబంధించిన గడువు, ఎక్కువ ఛార్జీతో కలిపేసుకోకండి.

అమెరికాకి పంపే పెట్టెల గురించి ఒక్క మాట

ఈ కాలనీల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు చాలా. మన దగ్గర కొన్న కారం, పప్పులు, పచ్చళ్లు అక్కడికి వెళ్తాయి. అక్కడ చిన్న పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29న పోయింది. దానివల్లే తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికా పార్సిళ్లు ఆపి, అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టింది. విదేశీ పెట్టెకి కిరాయి వేరు, సుంకం వేరు. సుంకం ఇక్కడే కడుతున్నామా, అక్కడ పిల్లలు కట్టాలా అన్నది ఏజెంటుతో రాయించుకోమని చెప్పండి. లేకపోతే కిలోకి ఇంత అని చెప్పిన రేటుకి అర్థం ఉండదు.

చివరగా

247 రూపాయల కోసం ఇంత అవసరమా అనిపించొచ్చు. నెలకి ఇరవై పెట్టెలు పంపే రైతుకి ఇలాంటి తేడా ప్రతి పెట్టెకీ పడితే నెలకి దాదాపు 5000. రసాయనాలు లేకుండా పండించి, మధ్యవర్తి లేకుండా అమ్మి మిగుల్చుకున్నది ఆ తేడాలోనే పోతుంది. అందుకే మీ దగ్గరున్న ఆఖరి మూడు ఎల్ఆర్‌లు ఈ రోజే తీయండి. కొలతలు రాసి ఉన్నాయా, భాగించే అంకె ఉందా, సరుకు పేరు సరిగ్గా ఉందా చూడండి. లేకపోతే రేపటి బుకింగ్ నుంచి రాయించడం మొదలుపెట్టండి.

వచ్చే వీడియోలో తేలిక సరుకుని ఉబ్బకుండా, తక్కువ జాగాలో ప్యాక్ చేసే పద్ధతి చూద్దాం.